ఒక సినిమా వెబ్‌సైటు ఆయుష్షు

వెబ్ పేజీ రూపం గురించిన చర్చ సాధారణంగా రంగులు కంటికి ఇంపుగా ఉన్నాయా, అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయా, వెతుకుతున్నది త్వరగా దొరికిందా అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. అయితే ఏ కాలపు పేజీనైనా దాని వెనుక ఉన్న కోడ్‌తో సహా పరిశీలిస్తే, ఆనాటి టెలిఫోన్ లైన్ల వేగం, మానిటర్ల పరిమాణం, బ్రౌజర్ల సామర్థ్యం ఒకవైపు, ఆనాటి జనం మనసు పడిన సినిమాలు, కార్టూన్లు, ఆటలు మరొకవైపు ఉండి ఆ రూపాన్ని తీర్చిదిద్దిన వైనం బయటపడుతుంది. శాసనాన్ని పరిశీలించే పండితుడు రాయి స్వభావాన్నీ లిపి తీరునూ చూసి దాని కాలాన్ని నిర్ణయించినట్టే, పేజీ కోడ్‌ను చదవడం తెలిసినవారు అది ఏ సంవత్సరాల నాటిదో, ఏ ఇబ్బందుల మధ్య తయారైందో చాలావరకు చెప్పగలరు.

ఇలాంటి పరిశీలనకు అనువైన ఉదాహరణ 'స్పేస్ జామ్' సినిమా వెబ్‌సైటు. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ జోర్డాన్, బగ్స్ బన్నీ తదితర లూనీ ట్యూన్స్ కార్టూన్ పాత్రలతో కలిసి నటించిన ఈ సినిమా 1996 నవంబరులో అమెరికాలో విడుదలైంది. దాని ప్రచారం కోసం వార్నర్ బ్రదర్స్ సంస్థ రూపొందించిన సైటు సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయాక కూడా సర్వర్ మీద అలాగే ఉండిపోయింది. 2010 చివర్లో, 2011 మొదట్లో నెటిజన్లు దాన్ని మళ్లీ కనుగొని ఒకరికొకరు చూపించుకున్నారు. 2021లో 'స్పేస్ జామ్: ఎ న్యూ లెగసీ' వచ్చినప్పుడు కొత్త సినిమాకు ప్రధాన చిరునామాను కేటాయించిన సంస్థ, పాత సైటును తొలగించకుండా అదే చిరునామా కింద '1996' అనే విభాగంలో భద్రపరిచింది. వెబ్ మీద పేజీలు పుట్టినంత వేగంగానే మాయమవుతున్న కాలంలో ఒక ప్రచార సైటు పాతికేళ్లకు పైగా పనిచేస్తూ ఉండటానికి కారణం దాని నిర్మాణంలోనే చాలావరకు ఉంది. ఏ పరిమితులు దాని రూపాన్ని నిర్ణయించాయో, ఆ పరిమితుల వల్ల అబ్బిన నిరాడంబరతే దానికి దీర్ఘాయుష్షునూ ఇచ్చింది.

అక్షరాల వెబ్ నుంచి బొమ్మల వెబ్‌కు

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బర్నర్స్-లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ 1991లో బయటి ప్రపంచానికి పరిచయమైనప్పుడు అది ప్రధానంగా శాస్త్రవేత్తలు తమ పత్రాలను పంచుకోవడానికి ఏర్పడిన సాధనం. పత్రంలో శీర్షిక ఏది, పేరా ఏది, మరో పత్రానికి దారితీసే లింకు ఏది అన్న విషయాలను కంప్యూటరుకు తెలియజేసే గుర్తుల సమాహారమే హెచ్‌టీఎంఎల్. ఆ గుర్తులనే ట్యాగులంటారు. ఏ ట్యాగు తెర మీద ఎలా కనిపించాలన్నది బ్రౌజర్ ఇష్టానికి వదిలేశారు కాబట్టి, పేజీ రూపం మీద దాన్ని రాసినవారికి ఉన్న అధికారం చాలా తక్కువ.

1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల మధ్యలోనే బొమ్మలను చూపించే సౌకర్యాన్ని జనంలోకి తీసుకువెళ్లడంతో ఈ పరిస్థితి మారింది. అదే సంవత్సరం ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాంకేతికతను ఎవరైనా రుసుము చెల్లించకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. శాస్త్ర పత్రాల కోసం పుట్టిన మాధ్యమంలోకి సినిమా పోస్టర్లు, పాటల కవర్లు, కార్టూన్ బొమ్మలు ప్రవేశించడానికి ఈ రెండు పరిణామాలూ దారి తెరిచాయి. పోస్టరు గీసేవారికి ప్రతి గీతా ఎక్కడ ఉండాలో నిర్ణయించే స్వేచ్ఛ కావాలి. హెచ్‌టీఎంఎల్ ఆ స్వేచ్ఛను ఇవ్వదు. 1990ల మధ్యకాలపు వెబ్ డిజైన్ చరిత్ర అంతా ఈ రెండింటి పెనుగులాటే.

చుక్కల ఆకాశం వెనుక లెక్క

స్పేస్ జామ్ ముఖపేజీ తెరిస్తే నల్లని ఆకాశం మీద తెల్లని చుక్కలు, మధ్యలో సినిమా పేరు, దాని చుట్టూ గ్రహాల్లా అమర్చిన చిన్న బొమ్మలు కనిపిస్తాయి. సినిమా పేరులోనే అంతరిక్షం ఉంది కాబట్టి ఈ నేపథ్యం సహజమే అనిపిస్తుంది. కానీ అంతరిక్షంతో ఏ సంబంధమూ లేని వేలాది పేజీల మీద కూడా ఆ రోజుల్లో ఇలాంటి చుక్కల ఆకాశమే ఉండేది. తొలినాళ్ల వెబ్‌ను జానపద కళలా అధ్యయనం చేసిన కళాకారిణి ఓల్యా లియాలినా ఈ నక్షత్ర నేపథ్యాన్ని ఆ యుగపు ప్రధాన లక్షణాల్లో ఒకటిగా గుర్తించారు. అంతరిక్ష సాహస కథల మీద తొలితరం వెబ్ రచయితలకు ఉన్న మక్కువ దీనికి ఒక కారణమైతే, రెండో కారణం పూర్తిగా గణితానికి సంబంధించినది.

ఆనాడు ఇళ్లలో కంప్యూటరును టెలిఫోన్ లైనుకు కలిపే మోడెమ్ అనే పరికరం సెకనుకు 28,800 బిట్ల వేగంతో పనిచేస్తే అది మంచి మోడెమ్ కింద లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, ఆటంకాలేవీ లేకపోయినా సెకనుకు 3,600 బైట్లకు మించి అందవు. అప్పటి సాధారణ మానిటరు అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలను, అంటే పిక్సెళ్లను చూపేది. ఒక్కో పిక్సెల్ రంగును ఒక బైటులో రాస్తే తెర నిండే బొమ్మకు 3,07,200 బైట్లు అవసరమవుతాయి, కుదించకుండా పంపితే అది చేరడానికి దాదాపు 85 సెకన్లు పడుతుంది. అదే 64 పిక్సెళ్ల చదరపు బొమ్మ అయితే 4,096 బైట్లతో, సెకనుకు కాస్త ఎక్కువ సమయంలో వచ్చేస్తుంది. ఆ చిన్న బొమ్మను అడ్డంగా, నిలువుగా మళ్లీ మళ్లీ పరిచి తెరనంతా నింపే సౌకర్యాన్ని 1995 నాటికి నెట్‌స్కేప్ బ్రౌజర్ కల్పించింది.

ఇలా పరిచినప్పుడు బొమ్మకూ బొమ్మకూ మధ్య అతుకు కనిపించకుండా ఉండాలంటే ఎడమ అంచు కుడి అంచుతో, పై అంచు కింది అంచుతో సరిగ్గా కలవాలి. రాయి, చెక్క, మేఘం వంటి బొమ్మల్లో ఇది శ్రమతో కూడిన పని. నాలుగు అంచులూ నల్లగా ఉండి మధ్యలో కొన్ని చుక్కలున్న బొమ్మకు ఆ శ్రమే లేదు. పైగా, ఆ కాలంలో బొమ్మలను ఎక్కువగా జిఫ్ అనే రూపంలో భద్రపరిచేవారు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ఒక బొమ్మకు గరిష్ఠంగా 256 రంగులు ఉండవచ్చు. ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వచ్చే రంగుల క్రమాన్ని గుర్తించి, ఆ క్రమమంతటికీ బదులు ఒక పొట్టి సంకేతాన్ని రాయడం దీని కుదింపు సూత్రం. పక్కపక్కనే వందలాది నల్ల పిక్సెళ్లు ఉన్న బొమ్మ ఈ పద్ధతికి అత్యంత అనుకూలమైనది. తక్కువ రంగులు, తక్కువ బైట్లు, కనిపించని అతుకులు, ఆపైన విశ్వమంతా తెర మీదికి వచ్చిన భావన: ఇన్ని ప్రయోజనాలు ఒకేచోట కలవడం వల్లనే చుక్కల ఆకాశం వెబ్ అంతటా పరుచుకుంది.

ఈ నేపథ్యానికి ఆనాడు ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో గుణం ఉంది. బొమ్మను ఎన్నిసార్లయినా పరచవచ్చు కాబట్టి తెర ఎంత పెద్దదైనా ఆకాశం చాలకపోవడం జరగదు. 640 పిక్సెళ్ల మానిటరు కోసం తయారైన స్పేస్ జామ్ పేజీ ఈనాటి 1,920 పిక్సెళ్ల తెర మీద కూడా అంచుల దాకా నిండుగా కనిపించడానికి కారణం ఇదే.

పట్టికలో ఒదిగిన గ్రహాలు

చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించే గ్రహాలు నిజానికి ఒక పట్టికలోని గళ్లలో ఉన్నాయి. అడ్డువరుసలు, నిలువువరుసలతో గణాంకాలను చూపించడానికి ఉద్దేశించిన టేబుల్ ట్యాగును డిజైనర్లు పేజీని గళ్లుగా విడగొట్టి బొమ్మలను కోరిన చోట నిలబెట్టడానికి వాడుకున్నారు. స్పేస్ జామ్ ముఖపేజీ కోడ్‌లో ఈ పట్టిక వెడల్పును 500 పిక్సెళ్లుగా నిర్ణయించారు. 640 పిక్సెళ్ల తెరలో బ్రౌజరు అంచులు, పక్కనుండే స్క్రోల్ పట్టీ పోగా పేజీ హాయిగా ఇమిడే కొలత అది. కొన్ని గళ్లను పక్క గళ్లతో కలిపి వెడల్పు చేశారు, కొన్నింటిలో బొమ్మను కుడివైపుకు జరిపారు, ఒక గ్రహం కాస్త కిందికి దిగాలంటే దానికి ముందు ఖాళీ పంక్తిని సూచించే ట్యాగును రెండు మూడు సార్లు రాశారు. చతురస్రాకారపు గళ్లతోనే వలయాకారపు భ్రమ కలిగించిన ఈ నేర్పు ఆ తరం డిజైనర్ల పనితనానికి చక్కని నిదర్శనం.

ప్రతి బొమ్మకూ ఎత్తు, వెడల్పు కోడ్‌లోనే రాసి ఉండటం కూడా గమనించదగినది. బొమ్మ ఇంకా చేరకముందే దానికి ఎంత చోటు కావాలో బ్రౌజరుకు తెలిస్తే పేజీ అమరిక ముందుగానే సిద్ధమవుతుంది, బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చి తమ స్థానాల్లో చేరతాయి. తెలియకపోతే ప్రతి బొమ్మ రాకతోనూ పేజీ అంతా కదిలిపోతుంది. నెమ్మదైన మోడెమ్‌ల కాలంలో పుట్టిన ఈ జాగ్రత్తను మొబైల్ ఫోన్లలో పేజీ కుదుపులను తగ్గించడానికి ఇప్పటి నిపుణులు కూడా సిఫార్సు చేస్తున్నారు.

గ్రహాల అంచులు ఆకాశంలో కలిసిపోవడం వెనుక మరో ఉపాయం ఉంది. జిఫ్ బొమ్మలో ఒక రంగును పారదర్శకంగా ప్రకటించవచ్చు, కానీ పిక్సెల్ పూర్తిగా కనిపించాలి లేదా పూర్తిగా మాయమవ్వాలి తప్ప సగం పారదర్శకత అందులో సాధ్యం కాదు. గుండ్రని అంచు నునుపుగా కనిపించాలంటే బొమ్మ రంగుకూ నేపథ్య రంగుకూ మధ్యస్థంగా ఉండే పిక్సెళ్లు అవసరం. నేపథ్యం నలుపేనని ముందే తెలిస్తే ఆ మధ్యస్థ రంగులను నలుపుకు తగినట్టుగా బొమ్మలోనే వేసుకోవచ్చు. ఇలాంటి గ్రహాన్ని తెల్లని పేజీ మీదకు మారిస్తే దాని చుట్టూ నల్లని మరకలాంటి అంచు బయటపడుతుంది.

రంగుల ఎంపిక కూడా ఆ రోజుల్లో స్వేచ్ఛగా జరిగేది కాదు. చాలా కంప్యూటర్లు ఒకేసారి 256 రంగులనే చూపగలిగేవి, వాటిలో కొన్నింటిని ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరాలకు ఉంచుకునేది. అందువల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఆరు స్థాయుల చొప్పున తీసుకుని, ఆరును మూడుసార్లు గుణిస్తే వచ్చే 216 రంగులను అన్ని యంత్రాల్లోనూ నిలకడగా కనిపించే రంగులుగా డిజైనర్లు పాటించారు. 1990ల పేజీల్లో కొట్టొచ్చినట్టు కనిపించే ముదురు రంగులకు మూలం ఈ అంకగణితంలో కొంత ఉంది.

అభిమానుల వాడలు

సినిమా సంస్థలు సైట్లు కట్టే నాటికే అభిమానులు తమ సొంత పేజీలతో వెబ్‌ను నింపుతున్నారు. 1994లో 'బెవర్లీ హిల్స్ ఇంటర్నెట్' పేరుతో మొదలై ఆ తర్వాత జియోసిటీస్‌గా మారిన సంస్థ ఎవరికైనా ఉచితంగా పేజీ పెట్టుకునే చోటిచ్చింది. అక్కడి పేజీలను విషయాన్ని బట్టి వాడలుగా విభజించారు: సినిమా అభిమానులకు హాలీవుడ్, రాక్ సంగీతానికి సన్‌సెట్ స్ట్రిప్, వైజ్ఞానిక కల్పనకు ఏరియా 51, జపాన్ యానిమేషన్ తదితర ఆసియా విషయాలకు టోక్యో. పేజీ చిరునామాలో వాడ పేరు, ఇంటి నంబరు ఉండేవి కాబట్టి ఒకే ఆసక్తి ఉన్నవారు ఇరుగుపొరుగుగా మెలిగారు, ఒకరి పేజీలో నచ్చిన కదిలే బొమ్మను మరొకరు తెచ్చుకుని పెట్టుకున్నారు, కోడ్ చూసి నేర్చుకున్నారు. పేజీ కోడ్ అందరికీ కనిపించేలా ఉండటం వల్ల వెబ్ డిజైన్ ఏ కళాశాలా బోధించకముందే జనంలో వ్యాపించింది. 'నిర్మాణంలో ఉంది' అని చెప్పే పసుపు నలుపు చారల బోర్డులు, సందర్శకుల సంఖ్యను లెక్కించే మీటర్లు, అతిథులు సంతకం చేసే పుస్తకాలు ఈ వాడల్లో విరివిగా కనిపించేవి. 1998లో కెనడాకు చెందిన ఒక కళా విద్యార్థిని జియోసిటీస్‌లో పెట్టిన హ్యాంప్‌స్టర్ డాన్స్ పేజీలో వరుసలు వరుసలుగా గెంతే చిన్న జంతువుల జిఫ్ బొమ్మలు తప్ప పెద్దగా ఏమీ లేవు, అయినా అది ఖండాంతరాలకు చేరింది.

1999లో జియోసిటీస్‌ను కొనుగోలు చేసిన యాహూ 2009 అక్టోబరులో అమెరికాలో ఆ సేవను మూసివేసింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం గడువు ముగిసేలోగా వీలైనన్ని పేజీలను నకలు తీసి, వాటిని ప్రజలందరికీ అందుబాటులో ఉంచింది. ఓల్యా లియాలినా, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ ఆ నకళ్ల ఆధారంగానే తమ పరిశోధనను కొనసాగించారు. ఈ స్వచ్ఛంద కృషి లేకపోతే సామాన్యులు స్వయంగా నిర్మించుకున్న వెబ్‌కు సంబంధించిన అతిపెద్ద ఆధారాల్లో ఒకటి చాలావరకు నశించి ఉండేది.

సినిమా రంగం కూడా అభిమానుల నుంచి నేర్చుకుంది. 1999లో విడుదలైన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' సినిమా సైటు అడవిలో తప్పిపోయిన ముగ్గురు విద్యార్థుల గురించి సంఘటనల కాలక్రమాన్నీ, ఆధారాలుగా దొరికిన వస్తువుల ఫోటోలనూ నిజమైన కేసు వివరాల్లా పేర్చింది. కల్పిత కథకు సాక్ష్యాలు సృష్టించే స్థలంగా వెబ్ పేజీ మారడం అప్పటికి కొత్త. అతి తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేయడంలో ఆ సైటు పాత్రను సినిమా ప్రచార చరిత్రలో నేటికీ ప్రస్తావిస్తారు.

ఫ్లాష్ వైభవం, పతనం

పట్టికలతో విసిగిన డిజైనర్లకు 1990ల చివర్లో ఫ్లాష్ రూపంలో పెద్ద వెసులుబాటు దొరికింది. మాక్రోమీడియా సంస్థ 1996 చివర్లో సొంతం చేసుకుని అభివృద్ధి చేసిన ఈ సాధనం, బొమ్మను పిక్సెళ్లుగా పంపకుండా గీతలు, వంపులు, రంగుల వర్ణనగా పంపేది. వర్ణనకు కొద్ది బైట్లు చాలు కాబట్టి నెమ్మదైన లైను మీద కూడా కదిలే కార్టూన్లు, ఆటలు, సంగీతం సాధ్యమయ్యాయి. చాలా సినిమా సైట్లు ఫ్లాష్ వైపు మళ్లాయి. అయితే ఫ్లాష్ బ్రౌజరులో భాగం కాదు. ప్లగ్ఇన్ అనే అదనపు సాఫ్ట్‌వేరును విడిగా అమర్చుకోవాల్సి వచ్చేది, దాని అధికారం ఒకే సంస్థ చేతిలో ఉండేది. ఐఫోన్ దాన్ని అనుమతించలేదు, భద్రతా లోపాలు తరచుగా బయటపడ్డాయి, 2005లో మాక్రోమీడియాను కొన్న అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు ఆపేసింది. స్పేస్ జామ్ కంటే పదేళ్లు కొత్తవైన ఎన్నో సైట్లు ఒక్కసారిగా ఖాళీ పెట్టెలైపోయాయి. రఫుల్ వంటి అనుకరణ సాఫ్ట్‌వేరుల సాయంతో ఇప్పుడు వాటిలో కొన్నింటిని తిరిగి నడిపిస్తున్నారు.

రూపానికి కావలసిన అసలు పరిష్కారం మరో దారిలో వచ్చింది. సెర్న్‌లో పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించగా, బెర్ట్ బోస్‌తో కలిసి అభివృద్ధి చేసిన సీఎస్ఎస్ అనే శైలి భాష 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది. విషయాన్ని హెచ్‌టీఎంఎల్‌లో, రంగులు, కొలతలు, అమరికలను వేరే పత్రంలో రాయడం దీని మౌలిక సూత్రం. ఒకే హెచ్‌టీఎంఎల్ పత్రానికి పూర్తిగా భిన్నమైన రూపాలను వేసి చూపించిన 'సీఎస్ఎస్ జెన్ గార్డెన్' 2003లో ఈ సూత్రం శక్తిని డిజైనర్లకు కళ్లకు కట్టింది. తెర వెడల్పును బట్టి అమరికను మార్చుకునే రెస్పాన్సివ్ పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ వివరించినప్పుడు దానికి పునాది కూడా ఈ విభజనే.

ఇంత జరిగినా చాలా పాత ట్యాగులను బ్రౌజర్లు వదిలేయలేదు. అక్షరాలను అడ్డంగా పరుగెత్తించే మార్కీ ట్యాగును వాడవద్దని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెబుతూనే, పాత పేజీల కోసం దాన్ని బ్రౌజర్లు ఎలా చూపించాలో కూడా నిర్దేశిస్తుంది. ఉన్న పేజీలను చెడగొట్టకూడదన్న ఈ నియమమే స్పేస్ జామ్ పట్టికలను, ఆకాశాన్ని, గ్రహాలను కాపాడింది. 2019లో 1990ల నేపథ్యంతో వచ్చిన 'కెప్టెన్ మార్వెల్' సినిమాకు ఆ కాలపు శైలిలో అతిథి పుస్తకం, సందర్శకుల మీటరుతో సైటు కట్టినప్పుడు, యువ ప్రేక్షకులు కూడా ఆ కాలాన్ని చప్పున గుర్తుపట్టగలిగేలా నమూనాలు మిగిలి ఉండటానికి కూడా ఇదే కారణం.

తెలుగు పేజీలు నేర్పిన పాఠం

బహిరంగ ప్రమాణాల విలువను తెలుగు వెబ్ చరిత్ర మరింత తీవ్రంగా చాటుతుంది. యూనికోడ్ అనే ప్రపంచ అక్షర సంకేత వ్యవస్థలో తెలుగుకు 1991 నాటి తొలి వెర్షన్‌లోనే 128 స్థానాల విభాగం ఏర్పడినా, సాధారణ కంప్యూటర్లు వత్తులు, గుణింతాలు సరిగా కూర్చి చూపించడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ లోగా పత్రికలు, అభిమానులు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానాల్లో తెలుగు అక్షర ముక్కలను గీసిన సొంత ఫాంట్లతో పేజీలు నడిపారు. ఫాంటు ఉన్న కంప్యూటరులో అందమైన తెలుగు కనిపించేది. లేనిచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వచ్చేది. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి పాటించడం వల్ల ఒక సైటులోని మాటను మరో సైటులో వెతకడం అసాధ్యమైంది. కొందరు ఈ బాధ పడలేక తెలుగు వాక్యాలను బొమ్మలుగా పెట్టారు, అవి కంటికి కనిపిస్తాయి తప్ప వెతుకులాటకు గాని, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు గాని అందవు. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చిన 'పద్మ' వంటి పరికరాల వల్ల ఆ రాతల్లో కొంత భాగం బతికింది.

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే విషయం ఒక్కటే. పేజీ అందం దాన్ని తీర్చిదిద్దినవారి నైపుణ్యం మీద ఆధారపడుతుంది, దాని మనుగడ మాత్రం అందరికీ తెలిసిన, ఎవరి గుత్తాధిపత్యంలోనూ లేని ప్రమాణాల మీద ఆధారపడుతుంది. సినిమాలు, పాటలు, ఆటల చుట్టూ అల్లుకున్న పేజీలను కాలక్షేపపు సరుకుగా తీసిపారేయకుండా, ఒక తరం ఊహలకూ దాని యంత్రాల శక్తికీ సాక్ష్యాలుగా గ్రంథాలయాలు, పత్రికలు, సినిమా సంస్థలు భద్రపరచాలి. పాఠాన్ని యూనికోడ్‌లో పాఠంగానే ఉంచడం, బొమ్మలను, వీడియోలను బహిరంగ రూపాల్లో దాచడం, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట నకలు ఉండేలా చూడటం, ప్రచారం ముగిశాక కూడా చిరునామా బాధ్యతను ఎవరో ఒకరికి అప్పగించడం: ఈ నాలుగు పనులకూ పెద్ద ఖర్చు అవసరం లేదు. వాటిని పేజీ కట్టే రోజునే మొదలుపెట్టాలి, ఎందుకంటే మూతపడిన సైటును తిరిగి తెరవడానికి జియోసిటీస్ విషయంలో మాదిరిగా స్వచ్ఛంద సేవకులు ప్రతిసారీ సమయానికి దొరకరు.